సంతకం పెట్టిన తరవాత: ప్రపంచ సుస్థిరాభివృద్ధి ఉద్యమాల్లో పాలుపంచుకోవడం అంటే

2015 సెప్టెంబరు 25న న్యూయార్క్‌లో 193 దేశాలు కలిసి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను ఆమోదించాయి. వాటి కింద 169 ఉపలక్ష్యాలు. పేదరికం, ఆకలి మొదలుకొని సముద్రాలు, అడవులు, న్యాయవ్యవస్థ దాకా ఆ పత్రంలో లేనిది లేదు, ఒక్క శిక్ష తప్ప. ఏ దేశమైనా ఒక లక్ష్యాన్ని గాలికి వదిలేస్తే నిలదీసే న్యాయస్థానం లేదు, వేసే జరిమానా లేదు. ఏటా జులైలో ఐక్యరాజ్యసమితి ఉన్నతస్థాయి రాజకీయ వేదిక సమావేశమవుతుంది. దేశాలు తమకు వీలైన ఏడాది అక్కడికి వచ్చి, తమ ప్రగతి నివేదికను తామే రాసుకుని తామే చదివి వినిపిస్తాయి. అది కూడా ఇష్టమైతేనే. అమెరికా ఇప్పటిదాకా ఒక్క నివేదిక కూడా సమర్పించలేదు. అందుకు దాని మీద ఏ చర్యా లేదు, తీసుకునే వీలూ లేదు.

ఇలాంటి ఒప్పందానికి బలమంటూ వస్తే అది బయటి నుంచే రావాలి. ఊరేగింపులు, సంతకాలు, విన్నపాలు, వ్యాజ్యాలు, సామాజిక మాధ్యమాల్లో హోరు, అన్నిటినీ కలిపి ప్రచారోద్యమాలంటున్నాం. వాటికి ఈ పదేళ్లలో కొదవేమీ లేదు. అయినా 2024లో ఐక్యరాజ్యసమితి తన నివేదికలో తేల్చిన లెక్క నిరాశ కలిగిస్తుంది: అంచనా వేయగలిగిన ఉపలక్ష్యాల్లో సరైన దారిలో ఉన్నవి 17 శాతమే. మూడింట ఒక వంతుకు పైగా ఉపలక్ష్యాల్లో ప్రగతి ఆగిపోయింది, లేదా వెనక్కి నడిచింది. కోట్లమంది పాల్గొన్నా ఫలితం ఇంతేనా అన్న ప్రశ్న సహజం. దానికి జవాబు పాల్గొన్నవారి సంఖ్యలో దొరకదు. ఎవరిని, ఏమి, ఎప్పటిలోగా చేయమని అడిగారు, మాట ఇచ్చాక ఎవరు కాచుకుని ఉండి లెక్క చూశారు అన్నదాంట్లో దొరుకుతుంది. గత యాభై ఏళ్ల ఉద్యమాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ముందుగా లక్ష్యాలు పుట్టిన తీరు చూడాలి. వాటి ముసాయిదా తయారవుతున్న కాలంలో ఐక్యరాజ్యసమితి ప్రపంచవ్యాప్తంగా ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. పదహారు అంశాల జాబితా ఇచ్చి, మీకూ మీ కుటుంబానికీ ముఖ్యమైనవి ఆరు ఎంచుకోండి అన్నారు. ఇంటర్‌నెట్‌లోను, మొబైల్ ఫోన్లలోను, కాగితం మీదా కలిపి సుమారు 97 లక్షల మంది ఓటు వేశారు. మంచి చదువు మొదటి స్థానంలో నిలిచింది. ఆరోగ్యం, ఉపాధి, నిజాయితీగల ప్రభుత్వం దాని వెంట వచ్చాయి. వాతావరణ మార్పులపై చర్య అన్నది పదహారింటిలో అట్టడుగున మిగిలింది. పర్యావరణమే సర్వస్వం అనుకునే కార్యకర్తలకు ఇది మింగుడుపడలేదు కానీ, అందులో ఒక పాఠం ఉంది. పూట గడవని ఇంట్లో మనిషి రేపటి ఉష్ణోగ్రత కంటే ఇవాళ్టి బడి ఫీజు గురించే ఎక్కువ ఆలోచిస్తాడు. ఆ ఫీజుకూ ఆ ఉష్ణోగ్రతకూ ఉన్న లంకెను చూపించలేని ఉద్యమం చదువుకున్నవారి వ్యాపకంగా మిగిలిపోతుంది.

అలాంటి లంకెను చూపించగలిగిన ఉద్యమం, పేద దేశాల అప్పుల రద్దు కోసం నడిచిన ‘జూబిలీ 2000’. 1970లలో చమురు డబ్బుతో నిండిన పాశ్చాత్య బ్యాంకులు పేద దేశాలకు ఉదారంగా అప్పులిచ్చాయి. 1980ల మొదట్లో వడ్డీలు భగ్గుమన్నాయి. 1982 ఆగస్టులో మెక్సికో తీర్చలేనని చేతులెత్తేసింది. ఆ తరవాత పదిహేనేళ్లు ఆఫ్రికాలో అనేక ప్రభుత్వాలు ఆసుపత్రులకు, బడులకు పెట్టాల్సిన డబ్బును వడ్డీలకు కట్టాయి. ఈ కథను సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పడం మామూలు సంగతి కాదు. బ్రిటన్‌లో ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకుడు, ఒక విశ్రాంత దౌత్యవేత్త కలిసి దానికొక తాళంచెవి కనిపెట్టారు. యాభై ఏళ్లకొకసారి అప్పులు కొట్టివేయాలని బైబిల్ పాత నిబంధనలో ఉన్న సంప్రదాయాన్ని తీసుకుని, తీర్చడానికి శక్తిలేని దేశాల అప్పులను 2000 సంవత్సరంలోగా రద్దు చేయండి అన్నారు. కోరిక ఒక్కటే. గడువు ఒక్కటే. అడగాల్సినవాళ్లు కూడా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది: ఏడు సంపన్న దేశాల ప్రభుత్వాలు, ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి.

1998 మే 16న బర్మింగ్‌హామ్‌లో జీ-8 (ఆ ఏడు దేశాలు, రష్యా) దేశాధినేతల సదస్సు జరుగుతుండగా దాదాపు 70,000 మంది చేయీ చేయీ పట్టుకుని నగర కేంద్రం చుట్టూ గొలుసుగా నిలబడ్డారు. వారిలో ఎక్కువమంది చర్చిల నుంచి బస్సుల్లో వచ్చిన సాధారణ కుటుంబాల వాళ్లు, పింఛనుదార్లు. ఆర్థిక మంత్రిత్వ శాఖలకు పోస్టుకార్డులు వెల్లువెత్తాయి. వీళ్ల బలం కేవలం తలల లెక్కలో లేదు. చర్చి మెట్ల మీద నిలబడి సంతకం అడిగే మనిషికి ద్రవ్యనిధి అంటే ఏమిటో, ఏ దేశం వడ్డీకి ఎంత కడుతోందో చెప్పగలిగేంత శిక్షణ ఉండేది. మరుసటి ఏడాది కొలోన్ సదస్సులో రుణమాఫీ పథకాన్ని విస్తరించారు. ఉద్యమం ముగిసేనాటికి 160కి పైగా దేశాల నుంచి 2.4 కోట్ల సంతకాలు చేరాయి. ఆ తరవాతి సంవత్సరాల్లో 37 పేద దేశాలకు దక్కిన రుణ ఉపశమనం మొత్తం పదివేల కోట్ల డాలర్లు దాటింది.

ఇక్కడితో ఆపితే ఇది విజయగాథ. అసలు ఆసక్తికరమైన సంగతి తరవాతే మొదలైంది. రద్దయిన అప్పు తాలూకు మిగులు ఎటు పోతుంది? ఉగాండాలో ప్రభుత్వం ఆ మిగులును పేదరిక నిర్మూలన నిధి పేరుతో వేరుగా పెట్టింది. అక్కడి పౌర సంఘాల కూటమి జిల్లాల్లో పర్యవేక్షణ సంఘాలను ఏర్పాటు చేసి, ఈ నిధితో కట్టామంటున్న తరగతి గదులు, తవ్వామంటున్న బావులు నిజంగా ఉన్నాయా లేవా అని స్థానికుల చేతనే తనిఖీ చేయించింది. అదే దేశంలో బడుల నిధుల వ్యవహారం మరీ కళ్లు తెరిపించేది. 1991-95 మధ్య కేంద్ర ప్రభుత్వం ఒక్కో విద్యార్థికి ఇంతని విడుదల చేసిన సొమ్ములో సగటున 13 శాతమే బడులకు చేరిందని ఒక సర్వేలో తేలింది. మిగతాది జిల్లా కార్యాలయాల్లో ఆవిరైపోయింది. అప్పుడు ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపామో పత్రికల్లో ప్రకటించడం మొదలుపెట్టింది. తమకెంత అందిందో బడి గోడ మీద కాగితం అంటించమని ఆదేశించింది. 2001 నాటికి బడులకు చేరుతున్న వాటా 80 శాతానికి ఎగబాకింది. అదంతా గోడ మీది కాగితం మహిమే అనలేం, అదే కాలంలో ఇతర సంస్కరణలూ జరిగాయి. అయినా, నెలకొకసారి ఆ కాగితం చదివి ప్రధానోపాధ్యాయుడిని ప్రశ్నించిన తల్లిదండ్రులు, బర్మింగ్‌హామ్‌లో చేతులు కలిపినవాళ్లు ఒకే ఉద్యమానికి రెండు కొసలు. రెండో కొస ఫొటోల్లో ఎక్కడా కనిపించదు.

బర్మింగ్‌హామ్ ప్రదర్శన జరిగిన ఏడేళ్లకు, 2005లో, ఇదే బాణీలో ఇంతకంటే పెద్ద ఉద్యమం నడిచింది. తెల్లని రబ్బరు కంకణాలు, అనేక నగరాల్లో ఒకేసారి సంగీత కచేరీలు, స్కాట్లాండ్‌లోని గ్లెనీగల్స్‌లో జీ-8 సదస్సు. అప్పుల రద్దు విషయంలో ఇచ్చిన మాట అమలైంది. ఆఫ్రికాకు ఏటా ఇచ్చే సాయాన్ని 2010 నాటికి 2,500 కోట్ల డాలర్ల మేర పెంచుతామన్న మాట మాత్రం సగం కూడా నెరవేరలేదు. కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. అప్పు రద్దు ఒక్కసారి సంతకంతో పూర్తయ్యే పని. సాయం పెంపు అనేది ప్రతి దేశంలో ప్రతి బడ్జెట్‌లో, కొత్త మంత్రి వచ్చిన ప్రతిసారీ మళ్లీ గెలవాల్సిన పోరు. కచేరీకి వచ్చిన జనం బడ్జెట్ రోజున రారు. కొన్ని కంకణాలు కార్మిక హక్కులను తుంగలో తొక్కిన ఫ్యాక్టరీల్లో తయారయ్యాయన్న వార్త అదే ఏడాది బయటపడి, పేదరికంపై పోరాడుతున్నవాళ్లను తలదించుకునేలా చేసింది.

ఒకే పని రెండు రకాలుగా ఎలా పనిచేస్తుందో చూడాలంటే దీపాలు ఆర్పే కార్యక్రమాన్ని తీసుకోవచ్చు. 2007 మార్చి 31న సిడ్నీలో మొదలైన ‘ఎర్త్ అవర్’ ఇప్పుడు ప్రపంచమంతటా పాకింది. గంటసేపు దీపాలు ఆర్పితే ఆదా అయ్యే విద్యుత్తు ఏ లెక్కలోకీ రాదని నిర్వాహకులకూ తెలుసు. రష్యాలో 2012లో దీపాలు ఆర్పిన వాళ్లను సంతకం కూడా పెట్టమన్నారు. సముద్రాలను చమురు కాలుష్యం నుంచి కాపాడే చట్టం తేవాలన్నది డిమాండు. లక్షకు పైగా సంతకాలు వచ్చాయి, ఆ ఏడాది చివరికి చట్టం వచ్చింది. దీపం ఆర్పిన చెయ్యి అదే, కానీ ఈసారి ఆ చేతిలో చిరునామా రాసిన విన్నపం ఉంది.

1970 ఏప్రిల్ 22న అమెరికాలో జరిగిన తొలి ధరిత్రీ దినం కూడా అంతే. రెండు కోట్ల మంది వీధుల్లోకి వచ్చారని అందరూ చెప్పుకుంటారు. ఆ తరవాత నిర్వాహకులు చేసిన పని గురించి ఎక్కువమంది చెప్పరు. పర్యావరణ విషయంలో చెత్త రికార్డున్న పన్నెండు మంది పార్లమెంటు సభ్యుల జాబితా తయారుచేసి, ఆ ఏడాది ఎన్నికల్లో వాళ్లను ఓడించమని పిలుపునిచ్చారు. ఏడుగురు ఓడిపోయారు. స్వచ్ఛమైన గాలి చట్టం అదే ఏడాది చివరికి బలపడింది, నీటి చట్టం 1972లో వచ్చింది. ఇప్పటి ధరిత్రీ దినాల్లో ఇంత మొరటుతనం లేదు. కంపెనీలు కూడా ఉత్సాహంగా పాల్గొంటున్నాయంటే ఆ రోజు ఎవరినీ నొప్పించడం లేదనే అర్థం.

కంపెనీల ప్రస్తావన వచ్చింది కాబట్టి వ్యక్తిగత బాధ్యత గురించి ఒక మాట. చెత్త పారవేయకండి, దేశాన్ని అందంగా ఉంచండి అంటూ 1953లో అమెరికాలో మొదలైన ప్రచార సంస్థ వెనక ఉన్నవి డబ్బాలు, సీసాలు తయారుచేసే కంపెనీలు. వాడి పారేసే సీసాల మీద ఆంక్షలు రాకుండా చూసుకోవడం వాటి అవసరం. తప్పంతా పారవేసిన చేతిది అయిపోతే తయారుచేసిన చేతిని ఎవరూ చూడరు. అర్ధశతాబ్దం తరవాత చమురు కంపెనీ బీపీ, మీ కర్బన పాదముద్ర (మీ జీవనశైలి వల్ల గాలిలో కలిసే కర్బన ఉద్గారాలు) ఎంతో లెక్కించుకోండి అంటూ ప్రకటనలిచ్చి, లెక్క కట్టే పరికరాన్ని కూడా తన వెబ్‌సైట్‌లో పెట్టింది. అందుకని ఇంట్లో విద్యుత్తు ఆదా చేసుకోవడం వ్యర్థమని కాదు. పొదుపు మంచిదే. తన ఇంటిని చక్కదిద్దుకున్న మనిషి ఇతరులను అడిగే నైతిక హక్కు సంపాదిస్తాడన్నదీ నిజమే. ఆ హక్కును వాడుకోకుండా ఇంటితోనే సరిపెట్టమని చెప్పే ప్రచారాన్ని మాత్రం కాస్త అనుమానంగా చూడాలి.

మొక్కలు నాటే ఉద్యమాలది ఇంకో జబ్బు, లెక్కలను నాటిన రోజుతోనే ముగించడం. 2019 జులై 29న ఇథియోపియా ఒక్కరోజులో 35 కోట్ల మొక్కలు నాటామని ప్రకటించింది. లెక్క నిజమా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ఎన్ని బతికాయన్న ప్రశ్న అంతకంటే పెద్దది. దీనికి జవాబు కెన్యాలో 1977లోనే ఉంది. వంగారి మతాయ్ గ్రీన్ బెల్ట్ ఉద్యమాన్ని మొదలుపెట్టినప్పుడు పల్లె మహిళలు నారు పోసి, నాటి, కాపాడిన మొక్కలకు కొద్దిపాటి డబ్బు ఇచ్చేవారు. డబ్బు మొక్క నాటినందుకు కాదు, అది బతికి నిలిచినందుకు. మొక్కకింత అని చేతికొచ్చేది కొన్ని సెంట్లే అయినా, ఆ పద్ధతి మహిళల చేత నీళ్లు పోయించింది, మేకల నుంచి కంచె కట్టించింది, లెక్కలు రాయించింది. లెక్కలు రాయడం నేర్చుకున్న మహిళలు తరవాత అటవీ భూముల కబ్జాలనూ ప్రశ్నించారు. 1989లో నైరోబీలోని ఉహురు పార్కులో అరవై అంతస్తుల భవనం కట్టాలన్న పాలక పక్షం పథకాన్ని మతాయ్ అడ్డుకున్నారు. ఆమెకు 2004లో వచ్చింది నోబెల్ శాంతి బహుమతి. చెట్లకూ శాంతికీ సంబంధమేమిటని అప్పట్లో ముక్కున వేలేసుకున్నవాళ్లు ఉన్నారు.

ఈ మధ్యకాలంలో చిన్న గుంపు పెద్ద తలుపు తట్టిన ఉదంతం పసిఫిక్ దీవులది. 2019లో వనువాటూలోని సౌత్ పసిఫిక్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 27 మంది న్యాయవిద్యార్థులు తరగతిలో ఒక ఆలోచనతో తలమునకలయ్యారు. వాతావరణ మార్పుల విషయంలో దేశాలకు చట్టపరమైన బాధ్యత ఉందా లేదా అని అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడిగితే? వ్యక్తులకు ఆ కోర్టు గడప ఎక్కే అర్హత లేదు. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ అడగవచ్చు, సభను అడిగించాలంటే ఒక ప్రభుత్వం ముందుకు రావాలి. విద్యార్థులు పసిఫిక్ దేశాల అధినేతలకు లేఖలు రాశారు. వనువాటూ ముందుకు వచ్చింది. ఆ తరవాత నాలుగేళ్లు గడిచింది ఒక ప్రశ్నను పదును పెట్టడంలో, ఒక్కో దేశాన్ని ఒప్పించడంలో, ఇతర ఖండాల యువతను కలుపుకోవడంలో. 2023 మార్చి 29న 132 దేశాలు ప్రతిపాదకులుగా నిలిచిన తీర్మానం ఓటింగ్ లేకుండానే నెగ్గింది. 2024 డిసెంబరులో హేగ్‌లో తొంభైకి పైగా దేశాలు వాదనలు వినిపించాయి. 2025 జులై 23న న్యాయస్థానం ఏకగ్రీవంగా చెప్పింది: వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టపరమైన విధి, దాన్ని ఉల్లంఘిస్తే అది అంతర్జాతీయ తప్పిదం, శిలాజ ఇంధనాలకు లైసెన్సులు, సబ్సిడీలు ఇవ్వడం కూడా ఆ తప్పిదం కిందికి రావచ్చు.

ఇది సలహా మాత్రమే, తీర్పు కాదు. రేపే ఏ బొగ్గు గనీ మూతపడదు. కానీ ఏ దేశంలోనైనా కోర్టు మెట్లెక్కేవారికి ఇప్పుడు చేతిలో ఒక కాగితం ఉంది. కోర్టు మెట్లెక్కడం విలువ నెదర్లాండ్స్ ప్రజలకు ముందే తెలుసు. 2013లో అర్జెండా అనే సంస్థ 886 మంది పౌరులతో కలిసి తమ ప్రభుత్వం మీదే దావా వేసింది. 2019 డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు, 1990తో పోలిస్తే 2020 చివరికల్లా ఉద్గారాలను కనీసం 25 శాతం తగ్గించాల్సిందేనని తేల్చింది.

ఎవరూ కాచుకుని లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి 2020 సంవత్సరమే చాలు. 169 ఉపలక్ష్యాల్లో 21 ఉపలక్ష్యాల గడువు 2030 కాదు, 2020. జీవవైవిధ్యం, చేపల వేట, రోడ్డు ప్రమాదాలు లాంటివి అందులో ఉన్నాయి. ఆ గడువు కొవిడ్ గందరగోళంలో దాటిపోయింది, చాలావరకు నెరవేరకుండానే. పెద్దగా ఎవరూ నిలదీయలేదు. వాటిలో ఒక్కదాని కథ వేరు. సముద్రాలను ఖాళీ చేస్తున్న చేపల వేటకు ప్రభుత్వాలిచ్చే హానికర సబ్సిడీలను ఆపాలన్న డిమాండును కొన్ని సంస్థలు రెండు దశాబ్దాలుగా ప్రపంచ వాణిజ్య సంస్థ చర్చల్లో వదిలిపెట్టలేదు. ఒప్పందం 2022 జూన్‌లో కుదిరింది, 2025 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. గడువు దాటిన అయిదేళ్లకు, అదీ కొంత భాగమే. అయినా అంత పొడి విషయం మీద అన్నేళ్లు కూర్చోగలిగినవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ మాత్రమైనా వచ్చింది.

పాల్గొనడం అన్నిచోట్లా ఒకే ధరకు దొరకదన్నది కూడా మరవకూడదు. ఒక దేశంలో సంతకం పెట్టడానికి అరనిమిషం చాలు, మరో దేశంలో అదే సంతకం ప్రాణం మీదికి తెస్తుంది. హోండురాస్‌లో అగ్వా సార్కా ఆనకట్టను లెన్కా ఆదివాసుల తరఫున ఎదిరించిన బెర్తా కాసెరెస్‌ను 2016 మార్చిలో ఆమె ఇంట్లోనే కాల్చి చంపారు. ఆనకట్ట కంపెనీ మాజీ అధిపతికి ఆ కేసులో శిక్ష పడటం అరుదైన సంగతి, చాలా కేసుల్లో అదీ జరగదు. 2012 నుంచి 2023 వరకు ఇలా హతమైన భూ, పర్యావరణ పరిరక్షకులు 2,100 మందికి పైగా ఉన్నారని గ్లోబల్ విట్నెస్ సంస్థ లెక్క. సురక్షితమైన చోట ఉన్నవారు చేయగలిగిన అతి ముఖ్యమైన పని బహుశా ఇక్కడే ఉంది: ఆ ఆనకట్టకు అప్పిచ్చిన బ్యాంకు, యంత్రాలు అమ్మిన కంపెనీ ఏ దేశాలవో కనుక్కుని అక్కడ గొంతెత్తడం. అగ్వా సార్కా నుంచి విదేశీ పెట్టుబడిదారులు వెనక్కి తగ్గింది అలాంటి ఒత్తిడి వల్లే.

ఇన్ని ఉదంతాల తరవాత, ఏదైనా ఉద్యమంలో చేరాలనుకునేవారు వేయదగ్గ ప్రశ్నలు వాటంతటవే తేలతాయి. ఈ విన్నపం ఎవరి బల్ల మీదికి చేరుతుంది? ఆ మనిషికి దాన్ని నెరవేర్చే అధికారం ఉందా? నిర్వాహకుల డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? ఎవరి పేరున అడుగుతున్నారో వాళ్లు నిర్ణయాల్లో కూర్చుంటున్నారా, ఫొటోల్లోనే ఉన్నారా? నిరుడు అడిగినదాని గతి ఏమైందో వీళ్లు ఎక్కడైనా రాసిపెట్టారా? చివరి ప్రశ్నకు జవాబు లేని ఉద్యమాలు చాలా ఎక్కువ. జవాబున్న చోట కొత్తగా చేరినవారికి పనికొదవ ఉండదు. ప్రభుత్వ నివేదికకు పోటీగా పౌర సంఘాలు తయారుచేసే ప్రత్యామ్నాయ నివేదికకు లెక్కలు సేకరించాలి. స్థానిక బడ్జెట్ పత్రాలు చదవాలి, సమాచారం కోసం దరఖాస్తులు పెట్టాలి, అనువాదాలు చేయాలి. ఇందులో ఏదీ ఆకర్షణీయమైన పని కాదు.

అప్పుల కథ మళ్లీ మొదటికొచ్చింది. విద్య మీద గానీ ఆరోగ్యం మీద గానీ పెట్టే ఖర్చు కంటే వడ్డీలకే ఎక్కువ కడుతున్న దేశాల్లో 330 కోట్లకు పైగా జనం ఉన్నారని ఐక్యరాజ్యసమితి వాణిజ్య అభివృద్ధి సంస్థ చెబుతోంది. ఈసారి అప్పులిచ్చినవాళ్లలో ప్రభుత్వ బాండ్లు కొన్న ప్రైవేటు మదుపుదార్లు, చైనా లాంటి కొత్త రుణదాతలు ఉన్నారు కాబట్టి అడగాల్సినవాళ్ల జాబితా 1998 నాటికంటే చాలా పొడవు. మరోవైపు 2030 తరవాత ఏమిటన్న చర్చను 2027 సెప్టెంబరులో జరిగే శిఖరాగ్ర సమావేశంలో చేపట్టాలని దేశాలు 2024లో ఆమోదించిన భవిష్యత్ ఒడంబడికలో రాసుకున్నాయి. కొత్త లక్ష్యాలు వస్తాయా, ఉన్నవాటికే గడువు పొడిగిస్తారా అన్నది తేలలేదు. అప్పులను, లెక్క చెప్పే బాధ్యతను ఈసారైనా ముసాయిదాలోకి ఎక్కించాలనుకునేవారు ఆ సమావేశానికి ముందే, తమ తమ దేశాల్లో ఆ పత్రం మీద పనిచేసే శాఖ ఏదో, అధికారులు ఎవరో తెలుసుకుని వాళ్ల దగ్గరికి వెళ్లాల్సి ఉంటుంది. న్యూయార్క్ చేరేసరికి వాక్యాలు దాదాపు ఖరారై ఉంటాయి.